అవ్వ పాట ఎవరిది

బాపు పోయిన పదోనాడు, నన్ను కన్న మా అవ్వకు చీర రాలేదు. మా వైపు మొగడు పోయిన ఆడమనిషికి తల్లిగారింటి వాళ్లు చీర తెచ్చి కప్పాలి. ఇంకెవరు కప్పినా అది లెక్కలోకి రాదు. అవ్వకు తల్లిగారిల్లే లేదు. మంచిర్యాల దగ్గర రైలు పట్టాలు పరిచే కాలంలో కూలీల గుడిసెల్లో కలరా గత్తర లేచి, అవ్వ వాళ్లంతా రెండు రోజుల్లో పోయారట. మిగిలిన నాలుగేళ్ల పిల్లను పిల్లల్లేని ఒక ముసలామె సాకి, బాపుకిచ్చి పెళ్లి చేసి, తానూ పోయింది.

"తాడు బొంగరం లేని మనిషి, చీర ఎవలు తెస్తరు?" అంది పక్కింటావిడ, అవ్వకు వినబడేలాగే. "నీ నోట్ల మన్నువడ!" అని లేచాను. నేను ఊరుకునే రకం కాదు. అవ్వ నా కొంగు పట్టి కూర్చోబెట్టింది.

తన వాళ్ల నుంచి అవ్వకు మిగిలింది ఒక్క పాట. అర్థం ఆమెకూ తెలియదు. గోండులు, లంబాడీలు, మరాఠీ వాళ్లు అందరూ విన్నారు, మాది కాదంటే మాది కాదన్నారు. ప్రతి వరస చివరా అవ్వ గొంతు గుటక వేసినట్టు టక్కున ఆగేది. చిన్నప్పుడు మేము అది ఏడుపు దిగమింగడం అనుకుని "ఏడ్వకే అవ్వా" అనేవాళ్లం. "ఏడుస్తలేను బిడ్డా, పాటనే గట్లుంటది" అని నవ్వేది.

బాపు పోయాక అవ్వను బొగ్గుబాయి కాలనీలోని మా క్వార్టర్‌కు తెచ్చుకున్నాను. అక్కడ నల్లా దగ్గర లేని భాష లేదు. నీళ్ల కోసం కొట్లాడేటప్పుడు ఎవరైనా సొంత భాషలోకే దిగుతారు కాబట్టి, అవ్వ పాటలోని భాష ఎవరి నోటనైనా వినబడుతుందేమోనని నేను బిందె పెట్టుకుని తగాదాలు వింటూ నిలబడేదాన్ని. ఒక పొద్దున వెనక క్వార్టర్ల లైనులోకి కొత్తగా వచ్చినామె కొడుకును తిడుతుంటే, మాట చివర ఆమె గొంతు కూడా అలాగే టక్కున ఆగింది. బిందె వదిలేసి పోయి ఆమె ముందు అవ్వ పాట ఎత్తుకున్నాను. ఆమె కొడుకును తిట్టడం ఆపి, తర్వాతి వరస తనే పాడింది. రాంచీ అవతల కొండల్లో నాట్లు వేస్తూ పాడతారని వచ్చీరాని హిందీలో చెప్పింది.

ఆమెను వెంటబెట్టుకుని ఇంటికి పోయాను. విషయం చెప్పగానే అవ్వ మొహం కడుక్కుని, జుట్టు ముడేసుకుని వచ్చి కూర్చుంది. వచ్చినామె అవ్వ రెండు చేతులూ పట్టుకుని తన భాషలో ఏదేదో మాట్లాడింది. అవ్వ ఆమె పెదాలనే చూస్తూ నవ్వింది. తర్వాత ఆ నవ్వు పోయింది.

"ఏమంటుంది బిడ్డా?" అని నన్ను అడిగింది.

రాంచీ ఆమె బిందె చూపించి ఒక మాట అంది. పొయ్యి చూపించి ఒకటి, తన పిల్లాణ్ణి గుండెకు హత్తుకుని ఒకటి. అన్నింటికీ అవ్వ తల అడ్డంగా ఊపింది. ఒక్కటంటే ఒక్క మాట కూడా తెలియలేదు.

చీర సంగతి నేనే ఆమెకు చెప్పాను. తర్వాతి ఆదివారం ఆమె ఎర్రంచు చీర తెచ్చి అవ్వ భుజాల మీద కప్పింది. నేను ఏడ్చాను. అవ్వ అంచు నిమిరి, నా చెవి దగ్గర మెల్లగా అంది.

"ఆమెకు ఇంత బువ్వ వెట్టు. పరాయి మనిషి, పాపం, ఎంత పాయిరం జూపింది!"

ఆమె వెళ్లాక, ఒక్కసారి ఆ పాట పాడమని అవ్వను అడిగాను.

"గది నా పాట గాదు బిడ్డా, ఆళ్లది. నా వాళ్లు ఎన్నడన్న ఎదురైతే, మాట ఇనంగనే గుర్తువడ్త అనుకున్న. ఇన్నేండ్లు గదే అనుకున్న."

ఊళ్లో అవ్వను తాడు బొంగరం లేనిదని అన్నవాళ్లతో నేను కొట్లాడాను. అవ్వ ఆ మాట నమ్మింది మాత్రం నా వల్లే. ఆ తర్వాత నాలుగేళ్లు బతికింది గానీ, మళ్లీ పాడలేదు.