గుడ్లకు చున్నీ వేసిన పూట

సౌదీలోని యాన్బులో మా కాంపౌండ్‌కి వచ్చి "చున్నీ సిస్టర్ ఇల్లెక్కడ?" అని అడగండి. చిన్నపిల్లాడైనా నా తలుపు చూపిస్తాడు. అంత కీర్తి నాకు ఒక్క పూటలో వచ్చింది. ఆ ఘనకార్యం నేనే చెప్పేస్తాను. వేరేవాళ్లు చెబితే ఇంకాస్త మసాలా కలుపుతారు.

నాది తుని. ఇక్కడ ఆసుపత్రిలో నర్సుని. మా పాప గ్రేసీని పాలు మరవకముందే మా అమ్మ చేతిలో పెట్టి డ్యూటీకి వచ్చేశాను. ఫ్యామిలీ వీసా దొరికి తెచ్చుకునేసరికి దానికి మూడో ఏడు నడుస్తోంది. ఫోన్‌లో కనబడే మా అమ్మని అది "అమ్మా" అంటుంది. అన్నం కలిపి పెట్టే నన్ను "ఆంటీ" అంటుంది.

అందుకే మొన్న కాంపౌండ్‌లో పిల్లలకు ఈస్టర్ గుడ్ల వేట అనగానే ఎగిరి గంతేశాను. ఇక్కడ సెలవు శుక్ర, శనివారాలు. ఆదివారం అందరికీ డ్యూటీ కాబట్టి మా ఈస్టర్ శనివారమే వచ్చేస్తుంది. పచ్చికలో, పొదల కింద రంగురంగుల ప్లాస్టిక్ గుడ్లు దాస్తారు. లోపల చాక్లెట్లుంటాయి. పిల్లలే వెతికి ఏరుకోవాలి, పెద్దలు ముట్టుకోకూడదు. బుట్ట నిండా ఏరించానంటే ఇది నన్ను అమ్మా అనకపోతుందా అని నా ఆశ.

విజిల్ ఊదింది మా పక్కింటి సబీహా అక్క, హైదరాబాదావిడ. పిల్లలంతా దూసుకుపోయారు. మా పిల్ల రెండడుగులు వేసి చీమల బారు దగ్గర కూర్చుండిపోయింది.

"లేమ్మా గ్రేసమ్మా! గుడ్లయిపోతన్నాయే!"

"చీమలు, ఆంటీ."

ఎదురుగా కాగితప్పూల పొద కింద బోలెడు గుడ్లు. ముట్టుకుంటే తప్పు. కానీ నేను తుని బస్టాండులో తిరిగి పెరిగినదాన్ని. కిటికీలోంచి కర్చీఫ్ విసిరి సీటు ఆపడం నాకు ఏబీసీడీల కన్నా ముందొచ్చిన విద్య. ఇక చూస్కోండి. పొద మీద చున్నీ కప్పాను. కుళాయి దగ్గర హ్యాండ్‌బ్యాగు పెట్టాను. బెంచీ కింద ఒక చెప్పు, ఉయ్యాల కింద ఇంకో చెప్పు.

ఇంతలో ఒక లెబనాన్ పిల్లాడు వచ్చి నా చున్నీ ఎత్తాడు.

"రేయ్, ఆగు! అది మేం ఆపుకున్నాం!"

భాష తెలియకపోయినా నా గొంతు వాడికి బాగా అర్థమైంది. బావురుమన్నాడు. సబీహా అక్క పరుగెత్తుకొచ్చింది.

"ఏం జేస్తున్నవ్ చెల్లే? ఈ చున్నీ ఎవల్ది?"

"నాదేనక్కా. మా పాపొచ్చేదాకా ఆపేనంతే."

"గుడ్లకు గూడ రుమాలేస్తరా? ఇదేమన్న బస్సా?"

"బుట్ట నిండితే నన్ను అమ్మా అంటాదేమోనని అక్కా..."

అక్క విజిల్ ఊదింది. రూలు రూలే కదండీ! ఆట ఆగిపోయింది. అందరూ చూస్తుండగా చున్నీ, బ్యాగు, చెప్పులు ఏరి నా చేతుల్లో పెట్టింది. ఆ వేటలో అందరికన్నా ఎక్కువ సామాను దొరికింది నాకే. పొద కింది గుడ్లన్నీ ఆ పిల్లాడి బుట్టలోకి వెళ్లాయి.

తలొంచుకుని గ్రేసీ దగ్గరికి వెళ్తే, దాని గుప్పిట్లో ఒక పసుప్పచ్చ గుడ్డు. చీమల దారి పట్టుకునిపోయి తనే తెచ్చుకుంది. వెంటనే మా అమ్మకి ఫోన్ కలపమంది.

"అమ్మా, గుడ్డు!"

"ఎవరిచ్చేరే బంగారం? మీ అమ్మిచ్చిందా?" అంది మా అమ్మ, నాకు కొంచెం మాట సాయం చేస్తూ.

"నాకే దొరికింది. ఆంటీ అరిచింది. అబ్బాయి ఏడిచేడు. విజిలేసేరు."

మా అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను గానీ, ఆవిడని చూస్తే ఒళ్లు మండింది. కన్నతల్లి మీద అసూయ పడ్డాను, చెప్పుకుంటే సిగ్గుచేటు. నాకు అమ్మా అనిపించుకోవాలని ఉంది, అంతే.

గ్రేసీ గుడ్డు విప్పి ఒక చాక్లెట్‌ని ఫోన్ తెర మీద మా అమ్మ నోటికి అద్దింది. రెండోది నా పెదాలకు ఆనించి, "తిను, ఆంటీ" అంది.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, ఎండకి కరిగిపోయిన ఆ చాక్లెట్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఏ పొద మీదా చున్నీ వేయను. పరాయి పిల్లల మీద అరవను. నా కూతురు ఆంటీ అన్నా సరే, మొదటి పిలుపుకే పలుకుతాను.