సారు గోడలో మైనస్

సారు పోయారన్న ఫోను వచ్చేసరికి నేను డోర్నకల్ స్టేషన్లో ఉన్నాను. ఆ రోజు రైల్ రోకో. పట్టాల మీదే వంటలు, డప్పులు, నినాదాలు. జనగామకు బండి లేదు, బస్సులు పొద్దుటే ఆగిపోయాయి. మట్టి కార్యం అయిపోయిందని సాయంత్రం మరో ఫోను వచ్చింది. తెలంగాణ కోసం నేనూ జెండా పట్టినదాన్నే. అయినా ఆ నినాదాలు వింటుంటే ఆ రోజు ఒళ్లు మండింది.

జనగామలో డిగ్రీ చదివేటప్పుడు ఆయన మాకు ఫిజిక్స్ చెప్పారు. ఇంటికెళ్లాక ఆయన చేసుకునే లెక్కలు వేరు. అయస్కాంత క్షేత్రం లాంటి ఒక క్షేత్రం ఒకవైపు ఒక స్థితిలో, ఇంకోవైపు ఇంకో స్థితిలో ఉంటే మధ్యలో పలుచని గోడ ఏర్పడుతుంది. క్వాంటం లెక్కలో ఆ గోడ ఎన్నడూ కుదురుగా ఉండదు. పుస్తకాలు ఆ కదలికల్ని ఒడిదుడుకులు అంటాయి. సారు మాత్రం "కిందమీదవుడు" అనేవారు.

"ఒక్కొక్క కదలికకు ఒక్కొక్క అంకె వస్తది బిడ్డా. ప్లస్ వస్తే గోడ కిందమీదై మళ్ల నిలవడ్తది. సున్నా వస్తే పక్కకు జరుగుతది, గంతే. మైనస్ ఒక్కటి వచ్చినా చాలు, గోడ నిలువది."

"గిది మన రాష్ట్రం సరిహద్దా సార్?" అని ఆటపట్టిస్తే, "దాని లెక్క ఢిల్లీల ఉన్నది, నా తాన లేదు" అని నవ్వేవారు.

ఎప్పుడో కోస్తావైపు ఒక సదస్సులో ఆయన ఈ కిందమీదవుడు మాటే వాడారట. హాలంతా నవ్వింది. "మళ్లీ ఒకసారి అనండి మాస్టారూ" అని ఎవరో అడిగారు, లెక్క కోసం కాదు, యాస కోసం. ఆ తర్వాత ఆయన ఏ సదస్సుకూ పోలేదు.

సమ్మెతో కాలేజీలు మూతపడ్డప్పుడు నేను మహబూబాబాద్‌లో లెక్చరర్ని. సారు తాను కొత్తగా కట్టిన ఒక గోడ లెక్క, తొంభై పేజీలు, నా చేతిలో పెట్టారు. "జర చూడు. గా సదస్సోళ్లకే పంపుత. గీసారి నవ్వద్దు."

అరవై రెండో పేజీలో ఒక గుర్తు తారుమారైంది. సరిచేస్తే మైనస్ వచ్చింది. నాలుగుసార్లు చేశాను, నాలుగుసార్లూ అదే. ఆయన గోడ నిలవదు.

కాగితాలు పట్టుకుని జనగామ వెళ్లాను. దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. దీక్ష టెంటు కింద కూర్చున్నవాళ్లు కూడా మాట్లాడటం లేదు. సారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు, సగం మనిషయ్యారు. నెల నుంచి అన్నం సరిగ్గా తినడం లేదని ఆయన భార్య గొంతు తగ్గించి చెప్పింది.

"అంతా సరిగ్గనే ఉన్నది సార్," అన్నాను.

"ఒక్క తప్పు గూడ లేదా?"

"లేదు సార్."

ఆయన నా మొహంలోకి కాసేపు చూసి, "చాయ్ తాగిపో" అన్నారు.

ఆ రోజు నుంచి ఫోను మోగితే చాలు, సారేమోనని ముందు నంబరు చూసేదాన్ని. ఆయన పంపేస్తే మళ్లీ అదే హాలు, అదే నవ్వు, ఈసారి నా చలవ వల్ల. అయినా చెప్పలేకపోయాను. నాది పిరికితనం, దానికి ఇంకో పేరు లేదు.

ఆరు నెలల తర్వాత వరంగల్‌లో సారు దవాఖాన మంచం పక్కన కూర్చుని, లెక్కలో తప్పుందని చెప్పేశాను.

"తప్పున్నదని నాకెరుకే. పంపలే," అన్నారు సారు.

"ఎట్ల తెల్సింది సార్?"

"పదేండ్ల సంది నీకు కాయితాలు చూపిస్తున్న. చుక్క తప్పయినా పట్టకుండ ఎన్నడన్న ఇచ్చినవా? గా దినం ఒక్కటి గూడ లేదంటివి. గప్పుడే భయమైంది, పెద్దదే ఉంటదని. ఆర్నెల్లు ఎతికిన బిడ్డా, దొరకలే."

"నన్ను అడగకపోయినరా?"

"నువ్వే చెప్తవని చూసిన."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"ఏ పేజీ?" అన్నారు. చెప్పాను. కళ్లు మూసుకున్నారు. నర్సు వచ్చి ఇక బయటికి పొమ్మంది. తలుపు దగ్గర వెనక్కి తిరిగి చూశాను. ఆయన చూపుడు వేలు దుప్పటి మీద మెల్లగా ఏదో లెక్క రాస్తోంది. ఒక చోటికి రాగానే ఆగింది. అరచేత్తో దుప్పటిని తుడిచారు. వేలు మళ్లీ మొదటికి వచ్చింది.