ఆగండి, ఆ ముక్కకి తోడు రావాలి

మా బాబాయి ఎదురుగా ఎవరూ వేడివేడిగా తిని ఎరగరు. ముక్క నోటిదాకా వెళ్లేసరికి “ఆగండి” అంటాడు. పళ్లెంలోంచి తానొక ముక్క నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, తర్వాత పెరటి గదిలో స్వయంగా కాచుకున్న బీర్లలోంచి దానికి తగ్గ సీసా వెతికి తెస్తాడు. పెళ్లి సంబంధాలు కూడా ఎవరూ అంత జాగ్రత్తగా చూడరు.

పిన్నిది చిన్న హోటల్. వంట ఆవిడది, వడ్డన నాది, ఆపడం బాబాయిది. సూప్ చల్లారిపోయిందని ఒకాయన గొణిగితే, “చల్లారితే మళ్లీ వేడి చేస్తాం. తప్పు బీరుతో తాగేస్తే ఏం చెయ్యగలం?” అన్నాడు.

పిన్ని అన్నయ్య, మా మామయ్య, వైన్ వ్యాపారి. గ్లాసులో ముక్కు దూరిస్తే మళ్లీ భోజనానికే బయటికి తీస్తాడు.

“బీరు దాహానికి బావా. భోజనానికి వైనే.”

“నీ ద్రాక్షకి పులుపూ వగరూ తెలుసు. వేయించిన బార్లీ గింజ వాసన తెలుసా? నా నురగ నాలుక మీద కొవ్వు కడిగేస్తుంది. నీ వైన్ దాని మీదే పీట వేసుకు కూర్చుంటుంది.”

“అయితే ఆదివారం మధ్యాహ్నం వచ్చినవాళ్లకి మాంసంతో రెండూ పోద్దాం. నువ్వు ఓడితే ఇక ఎవరి పళ్లెంలోనూ చెయ్యి పెట్టకూడదు.”

బాబాయి ముఖం పాలిపోయింది. ఇంతమాత్రానికి అంత బెంగ దేనికో నాకు అర్థం కాలేదు.

ఆదివారం వచ్చింది. బాబాయి మాంసం రుచి చూసి, వారమంతా ముద్దుగా సిద్ధం చేసుకున్న బంగారు రంగు బీరుని పక్కకి నెట్టి, పెరట్లోకి పరుగెత్తి తారులాంటి నల్ల బీరు తెచ్చాడు. వైన్‌తో తిన్నవాళ్లు మొహం చిట్లించారు. నల్ల బీరుతో తిన్నవాళ్లు, “పొగ మీద కాల్చారా? భలే ఉంది” అన్నారు. మామయ్య రెండో గ్లాసు తనే పోసుకుని అందులో ముక్కు దూర్చేశాడు.

వంటింట్లోకి వెళ్తే బాబాయి దొంగచాటుగా గిన్నె అడుగు తోముతున్నాడు.

“మాడిందా బాబాయ్?”

“మెల్లగా అనరా. ఆమధ్య వచ్చిన జ్వరం తగ్గినప్పట్నుంచీ మీ పిన్నికి వాసనా రుచీ తెలియట్లేదు. మెల్లగా వస్తాయన్నాడు డాక్టరు. ఈలోగా ఎవరైనా వంక పెట్టారంటే ఇక గరిటె ముట్టుకోదు. అందుకే మాడితే నల్లటిది, ఉప్పెక్కువైతే పుల్లటిది.”

ఇన్నాళ్లూ ఆయన్ని చూసి ఎంత నవ్వానో తలుచుకుంటే ఆ గిన్నె నేనే తోమాలనిపించింది. తోమాను కూడా.

మొన్న బాబాయి బీరుకి గింజలు కొనడానికి వెళ్లాడు. పిన్ని పంపిన పళ్లెం పెట్టగానే ఒకాయన ఫోర్కు ఎత్తాడు.

“ఆగండి,” అన్నాను.

ముక్క నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నాను. ఉప్పు కషాయం. పెరట్లోకి పరుగెత్తాను.

వెనక నుంచి పిన్ని నవ్వు వినిపించింది. “మీ బాబాయి పిచ్చి నీకూ అంటుకుందిరా. నా వంటని తిననివ్వరు కదా ఎవర్నీ.”