నోటీసు బోర్డుకెక్కిన సాక్షి

హత్యకేసు సాక్షి ఇంటి చిరునామాను ఫ్యాక్టరీ నోటీసు బోర్డుకు అంటించారు. పది రోజులకు, సైకిలు మీద కోర్టుకు బయలుదేరిన ఆ సాక్షిని ఉప్పల్‌లో మెట్రో స్తంభాలు లేస్తున్న చోట లారీ గుద్దింది. పోయినవాడు మా లేతు మిషను ఉస్తాద్. నాచారం షెడ్డులో నాకు పని నేర్పిన మనిషి.

ప్రమాదం అని రాసుకున్నారు. కావచ్చు, కాకపోవచ్చు. నేను చూడలేదు. చూడనిది చెబితే ఉస్తాద్ ఊరుకోడు. పాత బనీను గుడ్డతో ఇనుప ముక్కను తుడిచి, రెండుసార్లు కొలిచాకే సైజు చెప్పేవాడు. "సుమారు అనెటోడు లేతు కాడ నిలవడొద్దు" అని కసిరేవాడు. బడికి పోని నాకు నోటీసు బోర్డు మీదే అక్షరాలు నేర్పాడు. "గట్టిగ సదువు, పదిమందికి వినవడాలె" అనేవాడు. షిఫ్టు మారే వేళ బోర్డు చదవడం అలా నా పనైంది.

ఒక సాయంత్రం గేటు దగ్గర లేబర్ కాంట్రాక్టర్ ఒక కూలీని ఇనుప రాడ్డుతో కొట్టి చంపాడు. చూసింది ఇద్దరం, ఉస్తాద్, నేను. పోలీసులు రాగానే ఆయన నన్ను వెనక్కి నెట్టాడు. "నువ్వు బో బిడ్డా. నా కండ్లు సాలు." నేను పోయాను.

బెయిలు మీద వచ్చిన కాంట్రాక్టర్ మా చాయ్ హోటల్లోనే కూర్చునేవాడు. "ఏం ఉస్తాద్, కండ్లు మంచిగనే కనవడ్తున్నయా?"

"నువ్వయితే మస్తు కనవడ్తున్నవ్" అన్నాడు ఉస్తాద్. చాయ్ సగంలోనే వదిలి లేచాడు.

ఆ వారమే ఎవరికీ చెప్పకుండా కాప్రాకు ఇల్లు మారాడు. కొత్త ఇంటి నంబరు పోలీసులకే ఇచ్చాడు, రక్షణ కావాలన్న అర్జీతో పాటు. నేను వెంటే ఉన్నాను. స్టేషన్ రైటర్ నవ్వాడు. "నీకొక పోలీసునిస్తే ఉప్పలంత లైన్ గడ్తది. జర పైలంగ తిరుగు."

థూ! ఆ మాట చెప్పడానికి సర్కారెందుకు, మా అవ్వ చాలదా?

సమన్లు సాక్షి చేతికివ్వాలి. కానిస్టేబుల్ మా గేటు దగ్గర పడేసి పోయాడు. సర్కారు కాగితం ఏదొచ్చినా బోర్డుకు అంటించడం మా షెడ్డు అలవాటు. టైమ్ కీపర్ అంటించాడు. నేను చదివాను, గట్టిగా. పేరు, కాప్రా ఇంటి నంబరు, గల్లీ. గుంపులో కాంట్రాక్టర్ బామ్మర్ది ఉన్నాడని చివరి వరుస అయ్యాక చూశాను. ఉస్తాద్ తిట్టలేదు. "మంచిగ సదివినవ్ రా" అన్నాడు. ఆ మాట నన్ను ఇంకా తింటూనే ఉంది.

కాగితాన్ని ఎవరో పీకేశారు. నాలుగు మూలల ముక్కలు మాత్రం బోర్డుకు అతుక్కునే ఉన్నాయి.

నేనూ చూశానని నిన్న స్టేషన్‌లో రాసిచ్చాను. పోలీసు సార్లూ, ఉస్తాద్ అర్జీ ఏమైందో, నాకు ఏ రక్షణ ఇస్తారో కాగితం మీద చెప్పండి. వచ్చే నెల పదిహేనున కోర్టు వాయిదా. పదో తారీఖు లోపల జవాబు రావాలి. నా చేతికి. బోర్డుకు కాదు.