రెండో చేతిని చూసిన వైద్యుడు

డాక్టర్ అంబాదాసన్న ఇక లేరన్న వార్త నాకు మా మరాఠీ నగరంలోని కుంఠా నాకా కూడలిలో, మెంతికూర బేరం చేస్తుండగా ఫోనులో చేరింది. చెప్పినవాడితోనే తగాదాకు దిగాను. మొన్న ఆదివారం మళ్లీ మొదలైన వాదం ఇంకా సగంలోనే ఉంది, మధ్యలో ఎలా పోతారని అడిగాను. చుట్టూ మరమగ్గాలు యథావిధిగా ఆడుతూనే ఉన్నాయి. ఆయన తన కుర్చీలోనే, దగ్గర ఎవరూ లేని వేళ, గుండె ఆగి కన్నుమూశారు.

ఆయన మా పెద్దనాయన కొడుకు. తువ్వాళ్లు నేసే ఇంట పుట్టి, వైద్య పరిశోధకుడై, రక్తపోటును సరిగా కొలవడమనే ఒక్క విషయానికే జీవితాన్ని ధారపోసిన అవివాహితుడు. దేశవిదేశాల వైద్యపత్రికలు ఆయన వ్యాసాలను ప్రచురించాయి. వాటిలో ఒకదాన్ని ఇతర పరిశోధకులు తమ రచనల్లో పదేపదే ఉదహరించారు. ఆ కీర్తే ఆయనను ఒంటరివాణ్ణి చేసిందని నేనంటాను. ఒప్పుకోనివారు చివరిదాకా చదవండి.

యౌవనంలో ఒకసారి మరమగ్గాల షెడ్డులో నేతగాళ్లకు రక్తపోటు చూడబోయారు. ఆ మోతలో చెవిగొట్టంలోని చప్పుడు వినబడదు. మగ్గాలు కాసేపు ఆపమని షెడ్డు యజమానిని, అదే మాలకును, కోరారు. “మగ్గం బంద్ జేస్తె వాండ్ల బీపీ దొరుకుతదేమో గని, నాది పెరుగుతది డాక్టర్ సాబ్” అన్నాడట ఆ మాలకు. అన్న వాదించలేదు. ఒక్కొక్కరినీ వీధి చివరి చాయ్ హోటల్‌కు తీసుకుపోయి, కూర్చోబెట్టి, ఊపిరి కుదుటపడ్డాక కొలిచారు. చాయ్ మాత్రం కొలత అయ్యాకే. వాదించకపోవడం ఆయన సుగుణమని అందరూ అంటారు. అది ఆయన జబ్బు.

ఆయన అసలు పని బీడీలు చుట్టే మన తెలుగు ఆడవాళ్ల కాలనీ విడీ ఘర్కుల్‌లో జరిగింది. అక్కడి స్త్రీలలో రక్తపోటు మిక్కుటమని అంతకుముందు కొలిచినవారు తేల్చి, చాలామందికి జీవితాంతం మాత్రలు రాసిచ్చారు. అన్న నరసవ్వ అనే ఆమె ఇంటికి వెళ్లి జబ్బకు పట్టీ కట్టారు. కట్టిన చెయ్యి పీటమీద శిలలా కదలలేదు. ఒళ్లో చాట ఉంది. రెండో చెయ్యి ఆ చాటలోని బీడీల మూతులు మలుస్తూనే ఉంది. ఆపమ్మా అంటే ఆమె నవ్వింది.

“ఈ చెయ్యి నీకిచ్చిన గద సారూ. ఆ చెయ్యి నాది.”

ఖాళీ చేతులతో కూర్చోవడం మన ఆడవాళ్లకు తప్పు చేసినట్టుంటుంది. చాట పక్కన పెట్టిస్తే కొంగు అంచునే బీడీలా చుట్టేవారు. అన్న ఆ చేతిని కూడా ఆపించి, గోడకు ఆనుకుని మౌనంగా కాసేపు కూర్చోబెట్టి, ఇళ్లల్లోనే మళ్లీ మళ్లీ కొలిచారు. చాలామందిలో రక్తపోటు దిగింది. కొందరికి నిజంగా జబ్బే, వారికి మందు తప్పదు. మిగిలినవారి జబ్బు, వారి రెండో చేతిని చూడని కొలతది. ఆ వ్యాసంలో ఆయన రాసింది ఇదే.

లోకం దాన్ని ఎలా ఉదహరించింది? బీడీ స్త్రీలలో అధిక రక్తపోటు ఉందని అంబాదాస్ కనుగొన్నారట! ఒకరు తప్పు రాశారు, వారిని చూసి పదిమంది రాశారు, మూలం తెరిచినవారు అరుదు. ఆయన ప్రతి ఉదయం కంప్యూటర్ ముందు కూర్చుని, కొత్తగా తన పేరెత్తినవారి రచనను ఆసాంతం చదివేవారు. ఉల్లేఖనాల సంఖ్య పెరిగేకొద్దీ ఆయన ముఖం చిన్నబోయేది. ఆ రాతలను నమ్మి నరసవ్వ వంటివారికి మళ్లీ ఎవరు మాత్రలు అంటగడతారోనన్నదే ఆయన దిగులు. సవరించమని వినయంగా కోరితే జవాబు వచ్చేది కాదు. తాను అనని మాటకు ప్రఖ్యాతుడైనవాడి ఏకాంతం ఎలా ఉంటుందో నేను దగ్గరనుంచి చూశాను.

ఇంకో వ్యాసం రాయి, పేర్లు పెట్టి కడిగెయ్ అని పోరేదాన్ని. “చదివినోనికి మొదటిదే చాలు చెల్లె. చదవనోనికి ఇంకోటి రాస్తె ఏమైతది?” అనేవారు. సగంలో ఆగిన వాదం ఇదే.

తన రక్తపోటు తానే చూసుకోగల మనిషి ప్రతి ఆదివారం మా ఇంటికి వచ్చి నాచేత చూపించుకునేవారు. ఒంటిగా కూర్చున్నవాడి కొలతను నమ్మరాదట. ఏ శాస్త్రంలో ఉందో నేనడగలేదు. మావారు పోయాక మా ఇంట్లోనూ రెండో గొంతు లేదు. పట్టీ కట్టగానే మాట్లాడవద్దని వేలెత్తేవారు, నేను ఆపేదాన్ని కాను. “నువ్వు మాట్లాడితె నాకు పెరుగుతది. గప్ గున్నవంటె, ఏం ఆలోచిస్తున్నవో అని ఇంకింత పెరుగుతది” అని విసుక్కుంటూ, ఆ వంకతో మళ్లీ కొలవమనేవారు. మధ్యాహ్నం దాకా కొలతే కుదిరేది కాదు.

సంతాపసభలో ఒక పెద్దమనిషి ఉల్లేఖనాల సంఖ్యను గంభీరంగా చదివి, బీడీ స్త్రీల అధిక రక్తపోటును లోకానికి చాటిన మహనీయుడని మరాఠీలో కొనియాడారు. నేను లేచి, ఆ వ్యాసం మీరు చదివారా అని అదే భాషలో అడిగాను. వేరొకరి రచనలో చూశానన్నారు. అన్న పటం ముందే, అన్న రాసిందేమిటో మొత్తం చెప్పాను. ఇది సందర్భం కాదని ఎవరో గొణిగారు. సందర్భం ఇంకెప్పుడు?

అక్కడినుంచి విడీ ఘర్కుల్ వెళ్లాను. సభలో ఏమన్నారని నరసవ్వ అడిగింది.

“మీకు బీపీ ఉన్నదని సారు కనిపెట్టిండన్నరు.”

“అగో, ఏంది? లేదని గద సారు చెప్పింది.”

“అవును.”

“మరి వాండ్లకెవరు చెప్పాలె?”

ఆమె చాటను పక్కన పెట్టింది. రెండు చేతులూ ఒళ్లో వేసుకుని, గోడకు ఆనుకుని, అన్న నేర్పిన తీరునే మౌనంగా కూర్చుంది. బీడీలు చుట్టే ఆమె చేతులు అంతసేపు కదలకుండా ఉండటం నేను ఎన్నడూ చూడలేదు. ఏ విద్వత్సభా సమర్పించలేని నివాళి అది.

వైద్యులకు, పండితులకు ఒకే విన్నపం. ఆయన పేరు రాసేముందు ఆయన రాసింది చదవండి. రెండో వ్యాసం ఆయన రాయలేదు గనుక ఈ మాత్రం నేను రాశాను. వాదంలో నా సగం పూర్తయింది. జవాబు చెప్పవలసిన మనిషి లేడు.

ఈ ఆదివారం కొలత యంత్రాన్ని అలవాటుగా బల్లమీద పెట్టాను. ఆయన కోరినంత నిశ్శబ్దం ఇప్పుడు మా ఇంట్లో ఉంది. పట్టీ కట్టడానికి చెయ్యి లేదు.