రాయదుర్గంలో పెళ్ళిముక్కల సినిమా

ఉదయం ఏడు గంటల రాయదుర్గం బస్సులో అనంతపురం నుంచి బయలుదేరాను. పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేసే శైలజ, పెళ్ళివాళ్ళు తీసేయమన్న ముక్కలన్నీ ఏళ్ళ తరబడి దాచి, అతికించి ఒక సినిమా చేసిందని విన్నాను. సినిమా చూడ్డానికి పోతున్నానని చెబితే, పక్కసీటులో జీన్సు ప్యాంట్లు కుట్టే అతను, "హీరో ఎవరన్నా?" అని అడిగాడు.

"హీరో లేడు. కథ కూడా లేదు."

"దానికి ఇంత దూరం పోతాండావా!" అని జాలిగా చూశాడు.

కళ్యాణదుర్గం దాటాక రోడ్డు ఒళ్ళు హూనం చేసింది. పదింటికి దిగి బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీ తిన్నాను. మీరు వెళ్తే అక్కడే తినండి, సినిమా వేసే ఫంక్షన్ హాలు దగ్గర మంచినీళ్ళు కూడా దొరకవు.

హాల్లో ముందు వరసలో కూర్చున్న హనుమక్కను శైలజ చూపించింది. ఆమె భర్త ఓబులేసు పెళ్ళిళ్ళలో ఎంగిలాకులు ఎత్తేవాడు. పోయినేడు చనిపోయాడు. "ఆధార్ ఫొటో తప్ప ఆయప్పది ఏమీ లేదు సార్. దీంట్లో ఉండాడని చెప్తే వచ్చింది," అంది శైలజ.

పదకొండుకు మొదలైంది. గిన్నెలు తోమే చేతులు, వాటి మీద ఇంకెవరింటిదో మేళం. చివరి బంతిలో అన్నం అడిగే ముసలమ్మ, వెంటనే కెమెరాకు అడ్డంపెట్టిన ఎవరిదో ఉంగరాల చెయ్యి. మొదట చిరాకేసింది. పావుగంటకల్లా ఎన్నో పెళ్ళిళ్ళు కలిసి ఒకే పెళ్ళయ్యాయి. అందులో పిలుపు లేనివాళ్ళే చుట్టాలు. నేను కళ్ళు తిప్పలేకపోయాను.

అంతలో తెరమీద కనపడని మనిషి గొంతొకటి అరిచింది: "ఏయ్ ఎంగిలి చేతులోడా, అడ్డం తప్పుకో!"

ఊరికి పేరొస్తుందని హాలు ఉచితంగా ఇచ్చిన యజమాని గతుక్కుమన్నాడు. అది ఆయన గొంతే. లేచి వైరు పీకేశాడు.

"మా ఇంటి పెండ్లిని బజార్లో పెడతావా? ఆ ముక్క తీసేయ్!"

"తీసేసిందే కదా సార్ అది. ఇంగా యాడికి తీయాల?" అంది శైలజ.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆమె మొగుణ్ణి చూసుకోడానికి వచ్చింది, ఆపడానికి నువ్వెవరు?" అని అరిచాను. ఆ పెద్దమనిషి అందర్నీ బయటికి పంపి తాళం వేయించాడు.

మిగతాది శైలజ షాపులో, కంప్యూటరు చుట్టూ నిలబడి చూశాం. ఆ అరుపుకు ఓబులేసు ఉలిక్కిపడి, చేతిలో ఎంగిలాకులతో కెమెరా వైపు చూసి నవ్వి పక్కకు తప్పుకున్నాడు. అంతే. హనుమక్క మళ్ళీ వేయమంది. ఆ తర్వాత మళ్ళీ.

మూడింటి బస్సులో కళ్యాణదుర్గం దాకా ఆమె నా పక్కనే కూర్చుంది. ఇంత మంచి సినిమా ఈమధ్య చూడలేదు, ఇంత నీచంగా ఆపిన ఆటా చూడలేదు. నా కోపం ఇంకా చల్లారలేదు. "ఆ తిట్టు విన్నప్పుడల్లా నీకు కష్టంగా ఉండదామ్మా? అదొక్కటి తీసేయమని శైలజకు చెప్పనా?" అన్నాను.

"వద్దప్పా, ఉండనీ. అది లేకుంటే మాయప్ప ఆయనంతకాయనే పక్కకు పోయినాడనుకుంటారు."