కౌసల్యమ్మ ఆపిన పాట

కాజీపల్లి కార్మికుల కాలనీలో కౌసల్యమ్మలు ముగ్గురున్నారు. బ్యాండ్ కౌసల్యమ్మ అంటే మాత్రం ఒక్కతే. ఆమెకు ఏ వాయిద్యమూ రాదు. రాగాల పేర్లు తెలియవు. కానీ ముప్పై ఏళ్లుగా జనరల్ షిఫ్ట్ బ్యాండ్ ఎక్కడ వాయించినా ముందు వరుసలో కూర్చున్నది ఆమే.

ఆ బ్యాండ్‌కు ఆ పేరు ఊరికే రాలేదు. గోదావరి జిల్లా నుంచి మందుల ఫ్యాక్టరీలో ఫిట్టర్ పనికి వచ్చిన వీర్రాజు, బట్టలతో పాటు ఒక పాత క్లారినెట్ తెచ్చుకున్నాడు. బీహార్ నుంచి వచ్చిన రాకేష్‌కు ఢోలక్ వచ్చు. పక్కూరు గడ్డపోతారం మనిషి ఒకతను డప్పు కొట్టేవాడు. ఒడిశా అతను బ్యాంజో మీటేవాడు. జనరల్ షిఫ్ట్ దిగాక గేటు ఎదురుగా టీ కొట్టు దగ్గర కూర్చునేవారు. ఒకరి పాటలు ఒకరికి రావు. అందుకని ఎవరో ఒక చిన్న వరస ఎత్తుకుంటే మిగతావాళ్లు దాని వెంట పడేవారు. ఆ వరస ఎటు పోతుందో వాళ్లకే తెలియదు. గంటసేపు తిరిగి తిరిగి, ఇక దారి తప్పింది అనుకునేలోపు నలుగురూ ఒక్కసారి మొదటి చోటికి వచ్చి ఆగేవారు. నిన్నటిలా ఇవాళ ఉండేది కాదు.

కౌసల్యమ్మ ఆ బ్యాండ్‌ను మొదట విన్నది తన పెళ్లి బరాత్‌లోనే. జీపులో తల వంచుకుని కూర్చున్న పెళ్లికూతురి కాలి వేళ్లు తాళం వేయడం పెళ్లికొడుకు సంగయ్య చూశాడు. ఇంటి ముందు జీపు ఆగాక కూడా, "ఇంకోటి కొట్టుండ్రన్నా, ఈమె దిగుతలేదు" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ తర్వాత బ్యాండ్ ఎక్కడుంటే అక్కడికి ఆమెను మోపెడ్ మీద ఎక్కించుకుని పోయేవాడు. పటాన్‌చెరు, బొల్లారం, ఒకసారి సంగారెడ్డి దాటి సదాశివపేట దాకా. అత్తగారు సణిగేది. సంగయ్య పట్టించుకునేవాడు కాదు.

వాళ్లకు రెండెకరాల పొలం ఉండేది. వాగు నీళ్లు రంగు మారాక వరి పండడం మానేసింది. సంగయ్య కూడా ఫ్యాక్టరీలో చేరాడు. పన్నెండేళ్ల కింద, మురుగునీళ్ల గుంత కడగడానికి దిగిన మనిషి పైకి రాకపోతే అతన్ని తేవడానికి సంగయ్య దిగాడు. ఇద్దరూ రాలేదు. మూడో మనిషి సగం మెట్ల మీదనే పడిపోయి బతికాడు. నెల తర్వాత అతను ఇంటికొచ్చి, గడప దగ్గరే కూర్చుని చెప్పాడు.

"వదినె, మొదలు కుళ్లిన గుడ్ల వాసనొచ్చింది. జెరసేపటికి వాసన పోయింది. గ్యాస్ పోయిందనుకున్నం. గ్యాస్ పోలే. మా ముక్కులు పోయినయ్."

ఆ మాట కౌసల్యమ్మలో దిగబడిపోయింది. చలికాలం కూడా కిటికీలు తెరిచి పడుకునేది. కంపెనీ ఇచ్చిన క్యాంటీన్ పనిలో గుడ్లు ఉడికించాల్సి వస్తే ఆ పని ఇంకొకరికి అప్పగించేది. ఆ ప్రాంతంలో వాసన లేని రోజు ఉండదు. ఒకరోజు ఘాటుగా, ఒకరోజు తియ్యగా. ఆమె ఒక్కో వాసననూ వేరు చేసి గుర్తుపట్టేది. ఏదైనా ఉన్నట్టుండి ఆగిపోతే ఇంట్లోంచి బయటికి పరుగెత్తేది. భయం లేకుండా కూర్చోగలిగింది ఒక్క బ్యాండ్ ముందరే. ఆ గంటసేపు ఆమె గాలి సంగతి మరిచిపోయేది.

సంగయ్య పోయిన మూడేళ్లకు వీర్రాజు జబ్బు చేసి పోయాడు. ఏటా డిసెంబరులో ఆయన పేరున స్మారక కచేరీ మొదలుపెట్టారు. తండ్రి క్లారినెట్‌ను కూతురు సత్యశ్రీ అందుకుంది. ఒళ్లంతా నొప్పులతో కాళ్లు వాచిన ఏడు కూడా కౌసల్యమ్మ ఆ కచేరీకి ఆటోలో వెళ్లింది.

పోయినేడు డిసెంబరులో ఒక ఆదివారం కచేరీ కాలనీ చివర మైదానంలో పెట్టారు. పటాన్‌చెరులో హార్డ్‌వేర్ దుకాణం నడిపే బద్రీనాథ్ సేటు స్టేజీ, మైకులు ఏర్పాటు చేశాడు. మైదానం రోడ్డు నుంచి మురుగు పారే నాలా వైపు పల్లంగా దిగుతుంది. స్టేజీ పల్లంలో, గేటు ఎత్తున రోడ్డు పక్కన. ఉన్నది ఆ ఒక్క గేటే. నాలుగైదు వందల మంది వచ్చారు. ముందు పరిచిన టార్పాలిన్ నిండా పిల్లలు.

ఐదున్నరకు మొదలైంది. పొద్దు వాలుతోంది, పొగమంచు దిగుతోంది. సత్యశ్రీ కళ్లు మూసుకుని తండ్రి వరస ఒకటి ఎత్తుకుంది. రాకేష్ ఢోలక్ మెల్లగా దాని పక్కన నడక మొదలుపెట్టింది. పావుగంట గడిచేసరికి పాట బాగా లోతుకు పోయింది.

అప్పుడు వచ్చింది వాసన. కుళ్లిన గుడ్లు.

కౌసల్యమ్మ తల తిప్పి చూసింది. నాలా అవతలి మట్టిబాట మీద లైట్లు ఆర్పేసిన ట్యాంకర్ ఒకటి నాలాలోకి పైపు దించి నిలబడి ఉంది. చుట్టుపక్కల వాళ్లు ముక్కులకు కొంగులు, రుమాళ్లు అడ్డం పెట్టుకున్నారు. ఎవరూ లేవలేదు. ఆమె లేచి స్టేజీ పక్కనున్న బద్రీనాథ్ దగ్గరికి వెళ్లింది.

"సేటూ, ఇది మంచి వాసన కాదు. జనాన్ని పంపుండ్రి."

"ఏందమ్మా, ఇది రోజూ ఉండేదే కదా. కూసో, పాట మంచిగ నడుస్తుంది."

అంతలోనే ఆయన ముఖం విప్పారింది. "సూడు, పోయింది. వాసనే లేదిప్పుడు."

నిజమే. వాసన లేదు. చుట్టూ జనం రుమాళ్లు తీసేస్తున్నారు. ఒకావిడ హమ్మయ్య అంది. కౌసల్యమ్మ గాలి ఎటు పోతుందో చూసింది. వీర్రాజు ఫోటో ముందు వెలిగించిన అగరుబత్తి పొగ నాలా వైపు నుంచి పిల్లల మీదికి వాలుతోంది. ఆమె కళ్లు మండుతున్నాయి. టార్పాలిన్ మీద ఒక పాప దగ్గుతోంది. ఇంకో పాప తల్లి ఒళ్లో తల పెట్టి పడుకుంది. నిద్రో, కాదో.

అరిస్తే? అందరూ ఒక్కసారి గేటు మీద పడతారు. అరవకపోతే? ముప్పై ఏళ్లలో ఆ బ్యాండ్ వాయిస్తుండగా ఆమె పక్కవాళ్లతో ఒక్క మాట మాట్లాడింది లేదు. ఇప్పుడు స్టేజీ మెట్లు ఎక్కింది.

ఆమె నేరుగా వెళ్లి ఢోలక్ మీద అరచెయ్యి ఆనించింది. తాళం తెగింది.

"అమ్మా, క్యా హువా, ఏమైంది?" రాకేష్ మండిపడ్డాడు.

సత్యశ్రీ కళ్లు తెరిచింది. కౌసల్యమ్మ ఆమె చేతిలోని క్లారినెట్‌ను పట్టుకుని కిందికి వంచింది. మైకుకు దూరంగా, చెవిలో చెప్పింది.

"ఊదకు బిడ్డా. గట్టిగ ఊపిరి తియ్యకు. సంగయ్యను తీస్కపోయింది ఇదే. వాసనొచ్చి పోయింది."

జనం గోల మొదలుపెట్టారు. ఎవరో ఈల వేశారు. "ముసలమ్మను దించుండ్రి" అని ఒకరు అరిచారు. సత్యశ్రీ ఆమె ముఖంలోకి చూసింది. సంగయ్య పాడె ముందు వీర్రాజు వాయిస్తూ నడిచిన రోజు ఈ పిల్ల తండ్రి చొక్కా పట్టుకుని నడిచింది. సత్యశ్రీ మైకు అందుకుంది.

"ఇప్పుడు మా బ్యాండ్ నడుస్తది. నాన్న బరాత్‌లో వాయించినట్టు. అందరూ లేచి మా వెనక రోడ్డు మీదికి రండి. పిల్లల్ని ఎత్తుకోండి. తోసుకోవద్దు, జాగా ఉంది."

రాకేష్ ఢోలక్ మెడకు తగిలించుకుని ముందు నడిచాడు. పక్కన డప్పు. జనం ఇది కూడా కచేరీలో భాగమే అనుకున్నారు. నవ్వుకుంటూ లేచారు, కొందరు చిందులు కూడా వేశారు. పడుకున్న పాపను తల్లి భుజాన వేసుకుంటే మెడ వేలాడింది. కౌసల్యమ్మ వెనక ఉండి ఒక్కొక్కరినీ ముందుకు తోసింది. ఒక్కో అడుగుకూ తన ఊపిరి తనకే వినపడుతోంది. ఈ ఊపిరేనా, ఇదేనా ఆఖరుది అనుకుంటూ నడిచింది. గేటు దగ్గర జనం ఇరుక్కుని ఆగినప్పుడు ఆమెకు మూత్రం పడిపోయింది. కొంగు ముందుకు లాక్కుంది.

రోడ్డెక్కాక గాలి మారింది. తల్లి భుజం మీది పాప వాంతి చేసుకుని ఏడవడం మొదలుపెట్టింది. ఆ ఏడుపు విని కౌసల్యమ్మ అక్కడే కూలబడింది. అప్పుడే ఎవరో నాలా వైపు చెయ్యి చూపించారు. ట్యాంకర్ పక్కన ఒక మనిషి బోర్లా పడి ఉన్నాడు. చేతిలో ఇంకా పైపు ఉంది.

రాకేష్ ఢోలక్ కింద పెట్టి పరుగు తీయబోయాడు. కౌసల్యమ్మ లేచి అతని చొక్కా పట్టుకుంది.

"దిగకు. నీకు దండం పెడ్త, దిగకు."

"మర్ జాయేగా అమ్మా, ఆద్మీ చచ్చిపోతడు!"

"నువ్వు పోతే నీ వెన్క ఇంకోడు పోతడు. మా ఇంటాయన గట్లనే పోయిండు. మాస్కులున్నోళ్లు రానీ."

ఆమె వదల్లేదు. చొక్కా చిరిగినా వదల్లేదు. ఫైరింజను రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అంతసేపూ ఆమె ఆ పడిపోయిన మనిషినే చూస్తూ నిలబడింది.

పదకొండు మంది పిల్లల్ని ఆసుపత్రిలో చేర్చారు. అందరూ రెండు రోజుల్లో ఇళ్లకు వచ్చారు. ట్యాంకర్ దగ్గర పడిపోయిన మనిషి క్లీనర్. నాలుగో రోజు చనిపోయాడు. డ్రైవర్ పారిపోయాడు. ట్యాంకర్ ఎక్కడ నింపుకొని వచ్చిందో ఎవరూ ఒప్పుకోలేదు.

కౌసల్యమ్మను కాలనీ అంతా మెచ్చుకుంది. బద్రీనాథ్ ఇంటికి వచ్చి, "తప్పయిందమ్మా" అన్నాడు. ఆమెకు అవేవీ పట్టలేదు. రాకేష్‌ను వదిలి ఉంటే ఆ క్లీనర్ బతికేవాడా? అడిగితే, విచారణకు వచ్చిన అధికారి లేదన్నాడు, ఇద్దరూ పోయేవాళ్లన్నాడు. ఆమెకు నమ్మకం కుదరలేదు. పోలీసులు వాంగ్మూలం అడిగినప్పుడు కూతురు శ్రీలత వద్దంది. "అమ్మా, నీ క్యాంటీన్ పని పోతది. మనకెందుకే?" ఆమెకూ భయమే. అయినా చూసిందంతా చెప్పి సంతకం పెట్టింది. పని పోలేదు కానీ, ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే ఇప్పటికీ ఉలిక్కిపడుతుంది.

ఈ ఏడు నవంబరులో సత్యశ్రీ స్కూటీ మీద వచ్చింది.

"పెద్దమ్మా, కచేరీకి జాగా చూద్దాం, రా. నువ్వు సరే అంటేనే పెడతాం."

ఇద్దరూ మూడు చోట్లు తిరిగారు. చివరికి పటాన్‌చెరులో, మెయిన్ రోడ్డు మీద నాలుగు తలుపులున్న ఒక ఫంక్షన్ హాల్ చూసి కౌసల్యమ్మ తలూపింది.

కచేరీ రోజు ఆమె ముందు వరుసలో కూర్చోలేదు. తలుపు పక్కన కుర్చీ వేయించుకుంది. సత్యశ్రీ వరస ఎత్తుకుంది. కౌసల్యమ్మ కాసేపు విన్నది, కాసేపు గాలి పీల్చి చూసింది. పాట గంట దాటి సాగింది. అందులో సగమే ఆమె చెవిన పడి ఉంటుంది. కానీ ఆఖరున నలుగురూ కలిసి మొదటి చోటికి వచ్చి ఆగేదాకా ఆమె కుర్చీలోంచి లేవలేదు.